మంచు కరిగితే మనకేమిటి?



ఈ వారం మంచును గురించి రాయబోతున్నానంటే ఆదోని ఎండ ఎరిగినవారికి నవ్వు రావచ్చు. మన పడమటి మండలాల్లో ఏప్రిల్ వచ్చిందంటే బండరాళ్ళ కొండలు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటాయి. మనకు తెలిసిన మంచల్లా సోడాబండి మీద గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ. అయినా రాయక తప్పడం లేదు. హిమాలయాల్లోను, ఇతర ఖండాల కొండలమీదను హిమానీనదాలు ఏటేటా కుంచించుకుపోతున్నాయని పత్రికల్లో చదువుతున్నాం. ఐక్యరాజ్యసమితి 2025వ సంవత్సరాన్ని హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంగతి ఒక ప్రార్థన కూటమిలో ప్రస్తావనకు వచ్చినప్పుడు, ఎమ్మిగనూరు వైపు పొలమున్న ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: “యాడనో హిమాలయాల్లో మంచు కరిగితే మనకేంది ఫాదర్? మన తుంగభద్రలోకి మంచు నీళ్ళు చుక్క గూడ రావు గదా!”

ఆయన చెప్పిన భూగోళం నూటికి నూరుపాళ్ళు నిజం. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల్లో గంగమూల దగ్గర పుట్టి, శివమొగ్గ సమీపాన కూడ్లి వద్ద కలుస్తాయి. వాటికి వానే ఆధారం. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో హిమానీనదం లేదు, గోదావరి పుట్టిన త్ర్యంబకంలో అంతకన్నా లేదు. తెలుగు నేలమీద పారే ఏ పెద్ద నదీ మంచుకొండల్లో పుట్టింది కాదు. కాబట్టి హిమాలయాల మంచు మొత్తం కరిగినా మన కాలువలో నీరు ఆ కారణంగా తగ్గదు. ఆయన మాటలోని ఈ సగాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రెండో సగం, అంటే ‘మనకేంది’ అన్నది, భూగోళ ప్రశ్న కాదు. అది నీతి ప్రశ్న.

ముందు సంగతి తెలుసుకుందాం. ఎత్తైన కొండలమీద కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరగకుండా మిగిలితే, దానిమీద మరుసటి ఏడు మంచు పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ బరువుకు కింది పొరలు గట్టిపడి నీలపు గాజులాంటి గడ్డ అవుతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే మెల్లగా లోయలోకి జారుతుంది. పై కొసన జమ, కింది కొసన ఖర్చు. రెండూ సరిపోతే హిమానీనదం ఉన్నచోటే ఉంటుంది. ‘హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్నాయి’ అని రాస్తుంటారు గానీ ఆ మాట కొంచెం తికమక పెడుతుంది. మంచు ఎప్పుడూ వెనక్కి నడవదు, కిందికే జారుతుంది. వేడి పెరిగి, జమకన్నా ఖర్చు ఎక్కువైతే, దాని కొస మునుపటికన్నా పైనే కరిగిపోతుంది. అంతే. భాగీరథి పుట్టే గంగోత్రి హిమానీనదం సుమారు 30 కిలోమీటర్ల పొడవుంటుంది. 1935 నుంచి 2022 వరకు దాని కొస దాదాపు 1.7 కిలోమీటర్లు పైకి పోయింది. హిమాలయ, హిందూకుష్ పర్వతాల్లోని హిమానీనదాలు 2011-2020 దశాబ్దంలో అంతకుముందు దశాబ్దంకన్నా 65 శాతం వేగంగా మంచును పోగొట్టుకున్నాయని ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023లో తెలిపింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదికలో, హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికే మాయమైపోవచ్చునని ఒక వాక్యం దొర్లింది. అది ఆధారం లేని మాట అని 2010 జనవరిలో ఆ సంఘమే ఒప్పుకుంది. కొందరు దాన్ని పట్టుకుని మొత్తం విషయమే కట్టుకథ అన్నారు. ఉన్న నిజమే చాలినంత పెద్దది. దానికి అబద్ధపు ఊతకర్ర అక్కరలేదు.

హిమానీనదం పోతే పోయేదేమిటి? నీరు కాదు, నిల్వ. ఈ తేడా మన ఆయకట్టు రైతుకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆదోని పట్టణానికి తాగునీరిచ్చే బసలదొడ్డి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు ఏం చేస్తుందో, ఉత్తరాదిన మంచుకొండలు ఆ పనే చేస్తాయి. వచ్చినప్పుడు పట్టి ఉంచుకుని, ఎండల్లో విడిచిపెడతాయి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మన ఊళ్ళలో ఎంతమందికి నిద్ర పట్టలేదో మీకు గుర్తుండే ఉంటుంది. వానలకు కొదవ లేదు, నది నిండుగా ఉంది, అయినా గుండెలు గుబగుబలాడాయి. ఎందుకంటే పోతున్నది నిల్వ. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో, నీరు పారుతుండగానే ఉక్కు పలకలు దించి, సుమారు వారానికి ఆ గండి మూశారు. గంగోత్రికి అలా దించే పలక ఏ ఇంజనీరు దగ్గరా లేదు.

ఇంకొక విచిత్రం ఉంది. మంచు వేగంగా కరిగే తొలి ఏళ్ళలో నదిలో నీరు పెరుగుతుంది. పొలం అమ్మిన ఇంట్లో ఆ ఏడు పెళ్ళి ఘనంగా జరిగినట్టన్నమాట. కొన్నాళ్ళు పోయాకే లోటు తెలుస్తుంది. ఈలోగా కొండలమీద కరిగిన నీరు మట్టి, రాళ్ళ కట్టల వెనక చెరువులుగా నిలిచి, ఒక్కోసారి తెగి ఊళ్ళమీద పడుతుంది. 2013 జూన్‌లో విపరీతమైన వర్షాలకు కేదారనాథ్ పైనున్న చోరాబారి చెరువు తెగినప్పుడు మన తెలుగు యాత్రికులు కూడా ఎందరో అక్కడ చిక్కుకున్నారు. ఆ ఉత్పాతంలో దేశం మొత్తంమీద అయిదు వేలమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ అనే హిమసరస్సు తెగి తీస్తా నదిమీది ఆనకట్టనే ఊడ్చుకుపోయింది.

అయితే, మనవాళ్ళు పోయారు కనుక అది మన సంగతి అయింది అని నేను వాదించబోవడం లేదు. మనవాడు చస్తేనే బాధ అనుకోవడం ఏపాటి నీతి? ‘నా పొరుగువాడెవడు?’ అని అడిగిన ధర్మశాస్త్ర పండితునికి ప్రభువు చెప్పిన కథలో దెబ్బలు తిన్నవాడి ఊరు, కులం, పేరు ఏవీ లేవు. నా ప్రశ్న వేరు. కరుగుతున్న ఆ మంచులో మన చెయ్యి ఉందా? ఉంటే, ఇంత చిన్న చెయ్యిని చెయ్యి అనవచ్చునా?

దీనికి జవాబు వెతకడానికి జర్మనీ తత్త్వవేత్తల దగ్గరకు పోనక్కరలేదు, మన దిగువ కాలువ గట్టుమీద నడిస్తే చాలు. హోస్పేట దగ్గర డ్యామ్‌లో బయలుదేరిన నీరు కర్ణాటకలో రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన జిల్లాలో అడుగుపెడుతుంది. కాగితం మీద మన వాటా 24 టి.ఎం.సి.లు. చేతికి అందేది అంతకన్నా తక్కువ. 133 టి.ఎం.సి.లు పట్టేలా కట్టిన డ్యామ్ పూడిక మేటవేసి సుమారు 105కు తగ్గింది, అది ఒక కారణం. రెండో కారణం గట్టు పొడవునా కనిపిస్తుంది: మోటార్లు, పైపులు. ఆ రాష్ట్రంలోనూ ఉన్నాయి, ఈ రాష్ట్రంలోనూ ఉన్నాయి. అందులో ఒక రైతును ఆపి అడగండి. “ఇంత పెద్ద కాలువలో నా మూడంగుళాల పైపు ఒక లెక్కా?” అంటాడు. ఆయన అబద్ధమాడడం లేదు. ఆ ఒక్క పైపు తీసేసినా చివరి పొలంలో తడి పెరగదు. పక్కవాడి పైపు సంగతీ అంతే. ఆ పక్కవాడిదీ అంతే. ఏ ఒక్కరి పైపువల్లా చివరి పొలం ఎండలేదు. కాని ఎండింది. ఆ పొలం రైతు పెళ్ళాంబిడ్డలతో సుగ్గికి గుంటూరు మిరపతోటలకు పోయాడు, ఇంటికి తాళం పడింది, పిల్లవాడి బడి పోయింది. ఇన్ని నిర్దోషమైన పైపులు కలిసి ఇంత దోషం ఎలా చేశాయి?

పాత నీతిశాస్త్రం ఇలాంటి చిక్కును ఎరగకపోలేదు. ఒకడు చాలామంది దగ్గర చిటికెడు చిటికెడు దొంగిలిస్తే? తూకంలో ప్రతి రైతుకూ ఒక గుప్పెడు పత్తి కోసే వ్యాపారిని ఊహించుకోండి. ఏ గుప్పెడూ ఘోర నేరం కాదు కనుక ఎంత పెద్ద మొత్తమైనా తిరిగి చెల్లించే గట్టి బాధ్యత వానికి లేదని కొందరు సులువు దారి పండితులు పదిహేడో శతాబ్దంలో బోధించారు. 1679లో పదకొండవ ఇన్నోసెంట్ పాపుగారు ఆ బోధను ఖండించారు. చిన్నవి కలిసి పెద్దవవుతాయి, పెద్దదానికి జవాబు చెప్పాలి. నేటి మన చిక్కు దాన్ని తిరగేసినట్టుంటుంది. అక్కడ దొంగ ఒకడు, నష్టపోయినవారు వందలు. ఇక్కడ తీసుకునేవారు కోట్లు, కరిగేది ఒకే నిల్వ.

వాటా చిన్నదైతే లెక్కలోకి రాదు అనే వాదం మనం నిజంగా నమ్ముతామా అన్నది నా అనుమానం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించారు. పేద నేతగాళ్ళు చిన్న చిన్న వాటాలతో అందులో చేరారు. ‘నీ వాటా చిన్నది కనుక లాభంలో నీకేమీ లేదు పో’ అని అలాంటి సంఘంలో ఎవరైనా అంటే ఊరుకుంటారా? రావలసినప్పుడు పైసా వాటా కూడా వాటాయే. ఇవ్వవలసినప్పుడు మాత్రం అది సున్న అవుతుంది. ఇది తర్కం కాదు, సౌకర్యం.

మంచు విషయంలో కాలువ ఇంకా పొడవైనది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలిసి మాయమైపోదు. అందులో చెప్పుకోదగ్గ భాగం శతాబ్దాలపాటు అక్కడే ఉండి వేడిని పట్టి ఉంచుతుంది. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. మన తాతల కాలంలో ఇంగ్లండు మిల్లులు వదిలిన పొగ మన నెత్తిమీద ఉంది. మనం ఇవాళ వదిలేది మన మునిమనవల నెత్తిమీద ఉంటుంది. ప్రపంచ దేశాల కాలువలో మనం చివరి ఆయకట్టువాళ్ళం, అనుమానం లేదు. కాలమనే కాలువలో మాత్రం మనమే పై తూము దగ్గర కూర్చున్నాం. కింద నీళ్ళందక ఎండేవారు ఇంకా పుట్టలేదు. చివరి ఆయకట్టు రైతులు ట్రాక్టర్లెక్కి కర్నూలు వెళ్ళి కలెక్టరుగారికి అర్జీ ఇవ్వగలరు. పుట్టనివాళ్ళు ఏ ఆఫీసుకు వెళతారు? పాత నీతిశాస్త్రాలన్నీ దగ్గరివాళ్ళ గురించి, ఇప్పటివాళ్ళ గురించి రాసినవేనని హాన్స్ జోనాస్ అనే తత్త్వవేత్త 1979లోనే అన్నాడు. జర్మనీ వాళ్ళ దగ్గరకు పోనక్కరలేదన్నాను గానీ, ఈయన మాట విడిచిపెట్టదగింది కాదు.

చిన్న చేతులు ఎంతదూరం చాస్తాయో చెప్పే ఒక ఉదంతం మన తెలుగుదేశంలోనే మొదలైంది. 1960లలో వీరభద్రన్ రామనాథన్ అనే తమిళ యువ ఇంజనీరు సికింద్రాబాదులో రెఫ్రిజిరేటర్ల కంపెనీలో పనిచేసేవాడు. చల్లదనమిచ్చే గ్యాసు ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్ళి, 1975లో అదే జాతి గ్యాసు ఒక్కొక్క అణువు బొగ్గుపులుసు వాయువు అణువుకన్నా వేల రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని రుజువు చేశాడు. సికింద్రాబాదులో లీకైన గ్యాసు సికింద్రాబాదులో ఉండిపోలేదన్నమాట. ఆ రామనాథన్‌గారే పాపుగారి విజ్ఞానశాస్త్ర పరిషత్తులో సభ్యులయ్యారు. 2011లో ఆ పరిషత్తు కొండల హిమానీనదాలపై వెలువరించిన నివేదికను సిద్ధం చేసినవారిలో ఆయన ముఖ్యులు.

వంటచెరకు పొగలోని మసి గాలికి ఎగిరి హిమాలయాల మంచుమీద పడి, దాన్ని నల్లబరిచి, త్వరగా కరిగేటట్టు చేస్తుందని ఆయనా, ఇతరులూ చూపించారు. మరి మట్టిపొయ్యి దగ్గర కళ్ళు మండుతూ గంజి కాచుకునే తల్లి కూడా దోషేనా? ఇక్కడ తొందరపడకూడదు. మసి ఒకటే కావచ్చు, లెక్క ఒకటి కాదు. ఆకలి తీర్చుకోవడానికి చేసేదీ, దర్జా చూపించుకోవడానికి చేసేదీ ఒకే త్రాసులో వేయకూడదు. ఆ తల్లికి మనం మెరుగైన పొయ్యి బాకీ ఉన్నాం, ఆమె మనకు ఏమీ బాకీ లేదు.

ఇందుకే, ‘భారతీయుడు సగటున ఏడాదికి రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువే వదులుతాడు, అమెరికావాడు పద్నాలుగు టన్నులు’ అన్న లెక్క వింటే నాకు సగం సంతోషం, సగం కోపం. లెక్క సుమారుగా సరైనదే. అమెరికాను నిలదీయడానికి అది కావాలి కూడా. కాని సగటు అనేది గొప్ప దాపు. సుగ్గికి పోయి చెట్టుకింద వండుకునే కూలీ వదిలేదీ, గదికొక ఏ.సి., మనిషికొక కారు ఉన్న ఇల్లు వదిలేదీ కలిపి సగటు తీస్తే రెండు టన్నులు వస్తుంది. అంటే కూలివాడి పేదరికం వెనక మన కలవారు దాక్కుంటున్నారు. పేదవాడి దగ్గర తీసుకున్న అప్పుల్లో ఇది కొత్త రకం.

పునీత తోమాసు అక్వీనాసువారు నష్టపరిహారాన్ని గురించి చర్చిస్తూ, స్వయంగా తీసుకోకపోయినా దోషంలో చేరే మార్గాలను వివరించారు. ఆజ్ఞాపించడం, సలహా ఇవ్వడం, సమ్మతించడం, పొగడడం వంటివి మొత్తం తొమ్మిది. వాటిలో మౌనం ఒకటి, ఆపగలిగీ ఆపకపోవడం ఒకటి. ఆ పట్టిక చదివినప్పుడల్లా నాకు మన పండుగలు గుర్తుకొస్తాయి. విచారణ పండుగకు మూడు రాత్రులు తెల్లవార్లూ జనరేటర్లు మోగుతాయి. పక్క విచారణకన్నా మన లైటింగు ఎక్కువ ఉండాలన్న పంతం తప్ప దానికి వేరే కారణం కనిపించదు. మన పెళ్ళి ఊరేగింపులూ అంతే. ఏ.సి.లో గ్యాసు ప్రతి ఏటా తగ్గిపోతుంటే ఏటేటా నింపించుకుంటాం గాని, లీకు ఎక్కడో చూడమని మెకానిక్కును అడగం. ఇవన్నీ మానేస్తే గంగోత్రి ఆగుతుందా అంటే, ఆగదు. ఆ ప్రశ్న మూడంగుళాల పైపు రైతు అడిగిన ప్రశ్నే.

‘పెద్దవాళ్ళు ముందు మానితే మేం మానతాం’ అనేది మిగిలిన అభ్యంతరం. దీనిలో న్యాయం లేకపోలేదు. పెద్దవాళ్ళను అడగవలసిందే. ఎలా అడగాలో పెరూ దేశపు రైతు ఒకాయన చూపించాడు. ఆయన పేరు సౌల్ లుసియానో లియుయా. ఆండీస్ పర్వతాల కింద హువారాస్ పట్టణంలో ఆయన ఇల్లుంది. పట్టణానికి పైన పల్కకోచా అనే హిమసరస్సు ఉంది. 1941 డిసెంబరులో అది తెగి హువారాస్‌లో కనీసం 1,800 మందిని పొట్టన పెట్టుకుంది. హిమానీనదం కరగడంవల్ల, 1970లతో పోలిస్తే ఆ చెరువు ముప్ఫై రెట్లకు పైగా పెరిగింది. లియుయా 2015లో జర్మనీ వెళ్ళి, బొగ్గు కాల్చి కరెంటు చేసే ఆర్.డబ్ల్యు.ఇ. అనే కంపెనీమీద దావా వేశాడు. ఆ కంపెనీకి పెరూలో ఒక్క పొగగొట్టమూ లేదు. ప్రపంచంలోని పరిశ్రమలు ఇప్పటిదాకా వదిలిన వాయువుల్లో ఆ కంపెనీ వాటా 0.47 శాతమని అప్పటి లెక్క. ఆయన అడిగింది కూడా అంతే: చెరువునుంచి ఊరిని కాపాడే పనుల ఖర్చులో 0.47 శాతం, సుమారు 17,000 యూరోలు. పైసా ఎక్కువ అడగలేదు. తక్కువా అడగలేదు.

కంపెనీవారు ఏమన్నారో మీరు ఊహించగలరు. అందరూ పొగ వదులుతున్నప్పుడు ఒక్కరిని బాధ్యుణ్ణి చేయడం కుదరదన్నారు. 2022లో జర్మనీ న్యాయమూర్తులు స్వయంగా హువారాస్ వెళ్ళి చెరువునూ, ఇంటినీ చూశారు. 2025 మే 28న హామ్ నగరంలోని పై కోర్టు తీర్పు చెప్పింది. రానున్న ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటికి వరద చేరే అవకాశం సుమారు ఒక శాతమే కనుక దావా కొట్టివేశారు. లియుయా ఓడిపోయాడు. కాని అదే తీర్పులో, ఇలాంటి పెద్ద కంపెనీలు తాము వదిలిన వాయువుల వాటా మేరకు, ఎంత దూరానవున్నవారికైనా జవాబుదారీ కావచ్చునని సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. దూరమన్నది గాని, అందరూ చేస్తున్నారన్నది గాని తప్పించుకునే దారి కాదన్నారు. 0.47 శాతం సున్న కాదని ఒక కోర్టు అన్న మాట అది.

పల్కకోచా మాత్రం అలాగే ఉంది. సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, 2011 నుంచి పైపులు వేసి ఆ నీటిని కొంచెం కొంచెంగా కిందికి లాగుతున్నారు. రాత్రింబవళ్ళు కాపలావాళ్ళు అక్కడే ఉండి, నీటిమట్టం చూసి, రేడియోలో పట్టణానికి కబురు చెబుతుంటారు. ఆ కాపలావాళ్ళ జీతాలు పెరూ వాళ్ళే ఇచ్చుకుంటున్నారు.